వ్యర్థ వాయువు కరెంటును మెగావాట్లతో కొలవకండి

ఉక్కు, సిమెంటు కంపెనీల ప్రకటనల్లో ఈ మధ్య ఒక మాట పదేపదే కనిపిస్తోంది. వ్యర్థ వాయువులతో ఇన్ని మెగావాట్ల గ్రీన్ పవర్ తీస్తున్నాం అని. పేపర్లూ దాన్ని అలాగే అచ్చు వేస్తున్నాయి. అలా కరెంటు తీయడం మంచి పనే, తీయాల్సిందే. నా అభ్యంతరం రెండు విషయాల మీద. దాన్ని గ్రీన్ అనడం తప్పు. దాని గొప్పతనాన్ని మెగావాట్లలో చెప్పడం ఇంకా పెద్ద తప్పు. గాలిలో ఊరికే కాలిపోతున్న గ్యాస్ ఎంత తగ్గింది, ఆ గ్యాస్ వల్ల కొనే ఇంధనం ఎంత తగ్గింది అన్న రెండు అంకెలు లేకుండా మెగావాట్ల అంకెకు అర్థం లేదు.

విశాఖ ఉక్కునే ఉదాహరణగా తీసుకుందాం. ఇనుప ఖనిజాన్ని కరిగించే కొలిమి, బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఒక టన్ను ద్రవ ఇనుము తీస్తే సుమారు 1,500 నుంచి 1,600 ఘనపు మీటర్ల గ్యాస్ పై నుంచి వస్తుంది. అందులో సగం నైట్రోజనే. ఇరవై శాతానికి కాస్త అటూ ఇటూగా కార్బన్ మోనాక్సైడ్, దాదాపు అంతే కార్బన్ డయాక్సైడ్, రెండు నుంచి ఐదు శాతం హైడ్రోజన్ ఉంటాయి. ఘనపు మీటరుకు 800 కిలోకేలరీల వేడి వస్తే గొప్ప. సహజ వాయువు ఇచ్చే వేడిలో ఇది పదో వంతు కూడా కాదు. కానీ పరిమాణం చూడండి. రోజుకు 7,000 టన్నులు తీసే ఒక్క ఫర్నేస్ నుంచి గంటకు నాలుగున్నర లక్షల ఘనపు మీటర్లకు పైగా గ్యాస్ వస్తుంది.

ఈ గ్యాస్‌ను వ్యర్థం అనడమే సగం గందరగోళానికి కారణం. అది కోక్ రూపంలో, అంటే గాలి తగలకుండా మాడ్చి, ఫర్నేస్‌లో వేసిన బొగ్గే. ఆస్ట్రేలియా నుంచి ఓడలో తెచ్చి, గంగవరంలో దించి, డబ్బు పోసి కొన్న బొగ్గు.

## గ్రీన్ ఎందుకు కాదంటే

ఐరాస వాతావరణ సంఘం ఐపీసీసీ 2006 మార్గదర్శకాల్లో ఏ ఇంధనం కాలిస్తే ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుందో పట్టిక ఉంది. ఒక టెరాజౌల్ వేడికి సహజ వాయువైతే 56 టన్నులు, మామూలు బొగ్గైతే 95 టన్నుల దాకా. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌కు 260 టన్నులు. బొగ్గు కంటే రెండున్నర రెట్లకు పైనే. వింత ఏమీ లేదు. గ్యాస్‌లో ముందే ఐదో వంతు కార్బన్ డయాక్సైడ్ ఉంది, అది ఏ వేడీ ఇవ్వకుండా చిమ్నీ దాటుతుంది. కాలే కార్బన్ మోనాక్సైడ్ కూడా తన వేడిలో కొంత ఫర్నేస్‌లోనే వదిలి వచ్చింది. బాయిలర్, టర్బైన్ కలిపి 33 శాతం సామర్థ్యం అనుకుంటే, యూనిట్ కరెంటుకు 2.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ పొగగొట్టం నుంచి వెళ్తుంది. బొగ్గు థర్మల్ స్టేషన్‌లో అది కిలోకు అటూ ఇటూ.

దీనికి ఎదురువాదం ఉంది, బలమైనదే. ఆ గ్యాస్‌ను బాయిలర్‌లో కాల్చకపోతే ఫ్లేర్ స్టాక్ మీద, అంటే మిగులు గ్యాస్‌ను గాలిలో తగలబెట్టే గొట్టం మీద, కాల్చాలి కదా, అప్పుడూ అంతే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కదా, కాబట్టి కరెంటుకు కొత్తగా అంటుకునే మసి ఏమీ లేదు అంటారు. నిజం. కానీ ఆ వాదన ఒక షరతు మీద నిలబడుతుంది: బాయిలర్‌లోకి వెళ్లిన గ్యాస్ లేకపోతే ఫ్లేర్‌లోకి వెళ్లేదే అయి ఉండాలి. రోలింగ్ మిల్లులో ఉక్కు దిమ్మెలను వేడిచేసే రీహీటింగ్ ఫర్నేస్‌కు పనికొచ్చే గ్యాస్‌ను బాయిలర్‌కు మళ్లించి, మిల్లుకు ఫర్నేస్ ఆయిల్ కొంటే ఆ షరతు పోయింది. మెగావాట్లు పెరిగాయి, దానితో పాటే కొన్న ఇంధనమూ పెరిగింది. ప్రకటనలో మాత్రం మొదటి అంకె ఒక్కటే ఉంటుంది.

ఇంకో సంగతి. ఈ కరెంటు ఫర్నేస్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. 2024 సెప్టెంబరులో విశాఖలోని మూడు ఫర్నేసులు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణలలో ఒక్కటే నడిచిన రోజులు వచ్చాయి. గ్యాస్ మూడో వంతుకు పడిపోయినప్పుడు గ్యాస్ మీదే నడిచేలా కట్టిన 120 మెగావాట్ల ప్లాంటు స్థాపిత సామర్థ్యం కాగితం మీది అంకె మాత్రమే.

## ప్లాంటు ఉన్నా మంట ఎందుకు ఆరదు

కూర్మన్నపాలెం వైపు నుంచి రాత్రి పూట వెళ్లేవాళ్లకు ఆ మంటలు తెలుసు. గ్యాస్ ప్లాంటు కట్టాక కూడా అవి ఎందుకుంటాయని చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

మొదటి కారణం టైమింగ్. ఫర్నేస్‌కు వేడి గాలి పంపే స్టవ్‌లు వచ్చే గ్యాస్‌లో దాదాపు మూడో వంతు తీసుకుంటాయి. గంటకు ఒకటి రెండు సార్లు ఒక స్టవ్ వేడెక్కే దశ నుంచి గాలి ఇచ్చే దశకు మారుతుంది. ఆ మార్పిడి జరిగే కొద్ది నిమిషాలు దాని గ్యాస్ వాడకం సున్నా. అంత గ్యాసూ ఒక్కసారిగా లైన్ మీద పడుతుంది. ఫర్నేస్‌లో బర్డెన్, అంటే ఖనిజం, కోక్ పొరలు, ఉన్నట్టుండి జారినా, గాలి పెంచినా తగ్గించినా ఇదే కథ. గ్యాస్ లైన్ ఒత్తిడి మామూలుగా నీటి మట్టంలో కొన్ని వందల మిల్లీమీటర్లు. ఒత్తిడి ముందే పెట్టిన హద్దు (సెట్ పాయింట్) దాటగానే ఫ్లేర్ వాల్వ్ సెకన్లలో తెరుచుకుంటుంది. బొగ్గూ గ్యాసూ కలిపి కాల్చే బాయిలర్‌లో బొగ్గు పొడి చేసే మిల్లును తగ్గించి గ్యాస్ బర్నర్ పెంచడానికి నిమిషాలు పడుతుంది. సెకన్లకూ నిమిషాలకూ మధ్య ఉన్న తేడాయే ఆ మంట.

ఈ తేడాను పూడ్చేది టర్బైన్ కాదు, గ్యాస్‌ను కాసేపు నిల్వ ఉంచే పెద్ద తొట్టి, గ్యాస్ హోల్డర్. లక్ష ఘనపు మీటర్ల హోల్డర్ పైన చెప్పిన ఫర్నేస్ మొత్తం ప్రవాహాన్ని 13 నిమిషాలు కూడా ఆపలేదు. కానీ ఆపాల్సింది మొత్తాన్ని కాదు, ఎగుడుదిగుళ్లను. ఆ ప్రవాహంలో పది శాతం మిగులైతే అదే హోల్డర్ రెండు గంటలకు సరిపోతుంది. ఆ పది శాతం అంటే ఎంతో కూడా చూడండి: గంటకు 46 వేల ఘనపు మీటర్లు, వేడిలో 43 మెగావాట్లు, కరెంటుగా మారిస్తే 13 మెగావాట్లు. అయినా హోల్డర్‌కు డబ్బు అడిగితే యాజమాన్యాలు వెనకాడతాయి. హోల్డర్ మెగావాట్లు చూపించదు. కొత్త టర్బైన్‌కైతే శిలాఫలకం వేయొచ్చు.

రెండో కారణం బాయిలర్‌లోనే ఉంది. ఈ గ్యాస్ మంట 1,300 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మంట చల్లగా ఉంటే ఫర్నేస్ గోడల ట్యూబులకు వేడి తక్కువగా చేరుతుంది, వెనక ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్‌కు ఎక్కువగా చేరుతుంది. పైగా పొగ పరిమాణం బొగ్గు కంటే చాలా ఎక్కువ. కాబట్టి బొగ్గు కోసం కట్టిన బాయిలర్‌లో గ్యాస్ వాటా పెంచుతూ పోతే ముందు స్టీమ్ ఉష్ణోగ్రత హద్దు దాటుతుంది, లేదా పొగను బయటికి లాగే ఐడీ ఫ్యాన్ పూర్తి సామర్థ్యానికి చేరుతుంది. ఆపరేటర్ అక్కడ ఆగిపోతాడు, మిగిలిన గ్యాస్ ఫ్లేర్‌కు పోతుంది. బర్నర్‌దీ సమస్యే. మంట లేత నీలం, కంటికి సరిగా ఆనదు, మంటను కనిపెట్టే ఫ్లేమ్ స్కానర్‌కూ ఆనదు. సపోర్ట్ మంట లేకుండా తక్కువ లోడ్ మీద నడిపితే ఆరిపోతుంది, ఆరిన సంగతి రెండు సెకన్లు ఆలస్యంగా తెలిసినా లోపల పేలే మిశ్రమం తయారవుతుంది. అందుకే ట్రిప్ అయిన తర్వాత ఐదు నిమిషాలు గాలితో లోపలి గ్యాస్‌ను ఊదేయకుండా (పర్జ్ చేయకుండా) మళ్లీ వెలిగించకూడదన్న నియమం. ఆ ఐదు నిమిషాలూ గ్యాస్ ఫ్లేర్‌కే.

## ఏ గ్యాస్ ఎక్కడికి

ఉక్కు కర్మాగారంలో గ్యాస్‌లు మూడు. కోక్ ఓవెన్ గ్యాస్‌లో సగానికి పైగా హైడ్రోజన్, పావు వంతు మీథేన్, వేడి ఘనపు మీటరుకు 4,200 కిలోకేలరీల దగ్గర. ఉక్కు తయారయ్యే కన్వర్టర్ నుంచి వచ్చే ఎల్‌డీ గ్యాస్‌లో 60 శాతానికి పైగా కార్బన్ మోనాక్సైడ్, వేడి 1,800 నుంచి 2,000. మూడోది బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్.

కోక్ ఓవెన్ గ్యాస్‌ను బాయిలర్‌లో కాల్చడం నా దృష్టిలో నేరం లాంటిది. ఒక ఘనపు మీటరును 30 శాతం సామర్థ్యంతో కరెంటుగా మారిస్తే ఒకటిన్నర యూనిట్ వస్తుంది. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే పది రూపాయల పైమాట. అదే ఘనపు మీటరును రీహీటింగ్ ఫర్నేస్‌లో వాడితే 430 గ్రాముల దాకా ఫర్నేస్ ఆయిల్ మిగులుతుంది. కిలో నలభై ఐదు రూపాయలనుకున్నా దాదాపు ఇరవై. ధరలు మారుతుంటాయి గానీ ఈ నిష్పత్తి తిరగబడటం అరుదు. ఎందుకంటే వేడి కోసం వాడినప్పుడు గ్యాస్‌లోని వేడంతా లెక్కకు వస్తుంది, కరెంటు కోసం వాడినప్పుడు మూడింట రెండు వంతులు కండెన్సర్ నీళ్లలోకీ పొగగొట్టంలోకీ పోతుంది.

మరి ఎందుకు బాయిలర్‌కు పంపుతారు? మిల్లుల వైపు సాకులు చాలా ఉంటాయి, కొన్ని నిజమైనవి కూడా. చలికాలంలో నాఫ్తలీన్ గడ్డకట్టి పైపులు, బర్నర్లు మూసుకుపోతాయి. తారు పడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ వాల్వులను తినేస్తుంది. ఆవిరితో పైపును వేడిగా ఉంచే ఏర్పాటు (స్టీమ్ ట్రేసింగ్) సరిగా లేని లైన్ మీద బర్నర్ నెలకోసారి విప్పి కడగాల్సిందే. ఫర్నేస్ ఆయిల్‌తో ఈ బాధ తక్కువ, దాని బిల్లు వేరే విభాగం ఖాతాలో పడుతుంది. పవర్ ప్లాంటుకు మెగావాట్ల లక్ష్యం, మిల్లుకు టన్నుల లక్ష్యం పెట్టి, గ్యాస్‌కు ఎవరినీ బాధ్యుల్ని చేయకపోతే ఇదే జరుగుతుంది.

ఎల్‌డీ గ్యాస్ సంగతి వేరు. అది ఆగి ఆగి వస్తుంది. ఆక్సిజన్ ఊదే పదిహేను నిమిషాల్లో మొదటి రెండు మూడు, చివరి రెండు మూడు నిమిషాల గ్యాస్ పట్టుకోవడానికి పనికిరాదు. కార్బన్ మోనాక్సైడ్ 30 శాతం దాటి, ఆక్సిజన్ ఒకటి రెండు శాతం కంటే తక్కువ ఉన్నప్పుడే మూడు దారుల వాల్వ్‌ను హోల్డర్ వైపు తిప్పుతారు. గ్యాస్‌ను పరీక్షించే ఎనలైజర్ నమూనా లైన్ దుమ్ముతో మూసుకుపోతే రీడింగ్ ఆలస్యంగా వస్తుంది, ఆపరేటర్ భయపడి ఫ్లేర్‌కే వదిలేస్తాడు. అతను చేసింది సరైన పనే. బాగుచేయాల్సింది నమూనా లైన్. టన్ను ఉక్కుకు 80 నుంచి 100 ఘనపు మీటర్లు పట్టుకోగలిగే చోట సగం కూడా రాకపోవడానికి పెద్ద యంత్రాల లోపం కంటే ఇలాంటి చిన్న పైపులే ఎక్కువ కారణం.

## కాల్చకుండా వచ్చే కరెంటు

నిస్సంకోచంగా మెచ్చుకోవాల్సిన కరెంటు ఒకటుంది, ప్రకటనల్లో దానికి అంత చోటు దొరకదు. బ్లాస్ట్ ఫర్నేస్ పైభాగంలో గ్యాస్ రెండు బార్ల పైచిలుకు ఒత్తిడితో ఉంటుంది. లైన్‌లోకి పంపే ముందు ఆ ఒత్తిడిని సెప్టమ్ వాల్వ్ దగ్గర వృథాగా చంపేస్తారు. వాల్వ్ పక్కన టర్బైన్ పెడితే ఆ ఒత్తిడే కరెంటు అవుతుంది. ఒక్క లీటరు ఇంధనం కాలదు, గ్యాస్ కాలితే వచ్చే వేడి అలాగే మిగిలి కిందికి వెళ్తుంది. విశాఖలో మొదటి రెండు ఫర్నేసులకూ చెరి 12 మెగావాట్ల టర్బైన్లు ఆ పని కోసమే పెట్టారు. కోక్‌ను నీళ్లతో చల్లార్చకుండా నైట్రోజన్‌తో చల్లార్చి ఆ వేడితో స్టీమ్ తీసే పద్ధతి కూడా అక్కడ మొదటి నుంచీ ఉంది. వెయ్యి డిగ్రీల కోక్ రెండు వందలకు దిగేలోపు టన్నుకు అర టన్ను స్టీమ్ ఇస్తుంది. దాని మీద 7.5 మెగావాట్ల టర్బైన్లు రెండు. ఖనిజం పొడిని కాల్చి ముద్దకట్టించిన సింటర్‌ను చల్లార్చే కూలర్ వేడి గాలి నుంచి 20.6 మెగావాట్లు తీసే యూనిట్ జపాన్ సంస్థ నెడో సహకారంతో తర్వాత వచ్చింది.

వీటికీ తిప్పలున్నాయి. నీటితో దుమ్ము కడిగే స్క్రబ్బర్ దాటిన గ్యాస్ తడిగా, యాభై అరవై డిగ్రీలకు చల్లబడి వస్తుంది. అందులోని లవణాలు టర్బైన్ బ్లేడ్ల మీద పేరుకుని కంపనం పెరుగుతుంది. బ్యాగ్ ఫిల్టర్లతో పొడిగా శుభ్రం చేస్తే గ్యాస్ వేడి నిలిచి అదే టర్బైన్ దాదాపు 30 శాతం ఎక్కువ ఇస్తుంది. కానీ గ్యాస్ 250 డిగ్రీలు దాటితే బ్యాగులు మాడిపోతాయి, మరీ చల్లబడితే తడిసి మూసుకుపోతాయి. నీళ్లలో కడుక్కుపోవాల్సిన క్లోరైడ్లు పైపులోనే ఉండిపోయి, దూరంగా చల్లబడిన చోట ఆమ్లమై ఎక్స్‌పాన్షన్ బెల్లోలను తొలిచేస్తాయి. పొడి పద్ధతికి మారినవాళ్లు క్షారం చల్లే ఏర్పాటు లేకుండా మారకూడదు.

కోక్ డ్రై కూలింగ్‌లో భయపడాల్సింది బాయిలర్ ట్యూబ్ లీకు. నైట్రోజన్‌తో తిరిగే కోక్ దుమ్ము ట్యూబులను ఇసుక కాగితంలా అరగదీస్తుంది. చిల్లుపడితే నీటి ఆవిరి ఎర్రటి కోక్‌ను తాకి హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ పుడతాయి. తిరిగే గ్యాస్‌లో హైడ్రోజన్ శాతం ఉన్నట్టుండి ఎక్కితే ముందు అనుమానించాల్సింది ట్యూబునే.

## సిమెంటులో ఉచ్చు

నల్గొండ, సూర్యాపేట, కర్నూలు, తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీలది మరో రకం. అక్కడ మండే గ్యాస్ లేదు, వేడి పొగ మాత్రమే. ముడి పొడిని వేడిచేసే ప్రీహీటర్ దాటాక 300 డిగ్రీల పైన, కాలిన సిమెంటు గడ్డలను (క్లింకర్) చల్లార్చే కూలర్ దగ్గర అంతకు కొంచెం తక్కువ. నల్గొండ జిల్లా విష్ణుపురంలో 7.7 మెగావాట్ల యూనిట్ దేశంలోని సిమెంటు పరిశ్రమకు దారి చూపిన వాటిలో ఒకటి, అది కూడా నెడో సహకారంతోనే. ఈ వేడి నిజంగానే పోయే వేడి. గ్రీన్ అనే మాటకు ఇది ఉక్కు గ్యాస్ కంటే దగ్గర.

ఉచ్చు ఎక్కడుందంటే, కిల్న్ (సిమెంటు కాల్చే కొలిమి) చెడితే ఈ యూనిట్ ఉత్పత్తి పెరుగుతుంది. ప్రీహీటర్ సైక్లోన్లలోకి బయటి గాలి చొరబడినా, ముడి పొడి సరిగా వేడి తీసుకోకపోయినా ప్రీహీటర్ నుంచి వచ్చే పొగలో వేడి పెరుగుతుంది. నెలవారీ రిపోర్టులో టర్బైన్ రికార్డు ఉత్పత్తి అని చప్పట్లు. కిలో క్లింకర్‌కు 30 కిలోకేలరీలు అదనంగా పోయాయనుకోండి. ఆ వేడిలో ఐదో వంతు కరెంటైతే టన్నుకు ఏడు యూనిట్లు వస్తాయి. అంటే యూనిట్‌కు దాదాపు 4,300 కిలోకేలరీలు. మామూలు థర్మల్ స్టేషన్ 2,400తో తీస్తుంది. రోజుకు 3,000 టన్నుల కిల్న్‌లో అది 16 టన్నుల బొగ్గు. డబ్బు లెక్కలో బొగ్గు నష్టం, కరెంటు లాభం దాదాపు సరిపోవచ్చు, అందుకే ఎవరూ పట్టించుకోరు. టర్బైన్ యూనిట్ల పక్కనే ఆ నెల క్లింకర్ వేడి వాడకాన్నీ అచ్చు వేయాలని నేను అనేది అందుకే.

## మంట సున్నా చేయమనడం కూడా ప్రమాదమే

ఫ్లేర్ తగ్గించాలంటున్నాను, కానీ సున్నా చేయమనే వాళ్లతో నేను లేను. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌కు వాసన లేదు, రంగు లేదు, బరువు దాదాపు గాలి అంతే కాబట్టి లీకైన చోటనే తిరుగుతుంది. 2014 జూన్‌లో భిలాయిలో నీటి పంపు దెబ్బతిని, నీరు ఉండాల్సిన పైపులోకి గ్యాస్ చొరబడింది. ఆరుగురు చనిపోయారు, అందులో సీనియర్ అధికారులూ ఉన్నారు. 2018 జూలైలో తాడిపత్రి స్టీలు ప్లాంటులో కార్బన్ మోనాక్సైడ్ మరో ఆరుగురిని తీసుకుపోయింది.

గ్యాస్ లైన్ల కింద నీరు కారిపోవడానికి ఉండే సీల్ పాట్లలో నీటి మట్టం, లైన్ ఒత్తిడి కంటే కనీసం అర మీటరు ఎక్కువ ఉండాలి. ఫ్లేర్ తెరుచుకోకూడదని సెట్ పాయింట్ పెంచుకుంటూ పోతే తరిగేది ఆ అర మీటరే. ఎండాకాలం నీరు ఆవిరై మట్టం ముందే తగ్గి ఉంటుంది. షట్‌డౌన్‌లో వాల్వ్ ఒక్కదాన్నే నమ్మి మనిషిని పైపులోకి దించకూడదు. పైపును పూర్తిగా మూసేసే గాగుల్ వాల్వ్ గానీ బ్లైండ్ పలక గానీ వేసి, నైట్రోజన్‌తో పర్జ్ చేసి, మీటరు పెట్టి చూశాకే. వచ్చిన గ్యాస్‌లో రెండు మూడు శాతం ఫ్లేర్‌లో కాలుతుంటే ఆ ప్లాంటు బాగా నడుస్తున్నట్టే. పది దాటితే అడగాలి. సున్నా అని రాస్తే ఇంకా గట్టిగా అడగాలి.

## రాయితీ దేనికి ఇవ్వాలి

2003 విద్యుత్ చట్టం 86వ సెక్షన్ కోజనరేషన్‌నూ (ఒకే ఇంధనంతో వేడినీ కరెంటునూ తీయడం) పునరుత్పాదక కరెంటునూ ఒకే వాక్యంలో ప్రోత్సహించమంది. 2010 ఏప్రిల్‌లో సెంచురీ రేయాన్ కేసులో విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్, కోజనరేషన్ ఏ ఇంధనంతో నడిచినా దాని మీద పునరుత్పాదక కొనుగోలు బాధ్యత, అంటే ఇంత వాటా పునరుత్పాదక కరెంటు కొని తీరాలన్న నియమం, మోపకూడదని చెప్పింది. అప్పటి నుంచీ పరిశ్రమ వాదన ఆ తీర్పు చుట్టూనే నడుస్తోంది. రాయితీ లేకపోతే ఇంత ఖర్చు ఎవరు పెడతారన్న ప్రశ్నలో న్యాయం ఉంది. ఈ బాయిలర్లు, హోల్డర్లు, డక్టులు చౌక కావు. నా పేచీ రాయితీతో కాదు, దాన్ని యూనిట్లకు కట్టడంతో. యూనిట్‌కు ఇస్తే కోక్ ఓవెన్ గ్యాస్ కూడా బాయిలర్‌కే పోతుంది, కిల్న్ చెడినా లాభమే. ఆర్పిన ఫ్లేర్‌కూ తగ్గిన కొనుగోలు ఇంధనానికీ ఇస్తే డబ్బు హోల్డర్‌కు, ఎనలైజర్‌కు, రీహీటింగ్ బర్నర్‌కు వెళ్తుంది.

అలా ఇవ్వాలంటే ఫ్లేర్‌ను కొలవాలి. చాలా చోట్ల ఫ్లేర్ లైన్ మీద మీటరే ఉండదు. వచ్చిన గ్యాస్‌లోంచి వాడిన గ్యాస్ తీసేసి మిగిలింది ఫ్లేర్ అని రాస్తారు. గంటకు నాలుగున్నర లక్షల ప్రవాహం మీద ఆరిఫిస్ మీటరు మూడు శాతం తప్పు చూపితే అది 14 వేల ఘనపు మీటర్లు. ఫ్లేర్ 46 వేలైతే తప్పు ముప్పై శాతం. దుమ్ము, నీరు చేరి మీటరుకు ఒత్తిడి చేరవేసే ఇంపల్స్ లైన్లు మూసుకుపోయే ఈ గ్యాస్‌లో మూడు శాతం తప్పు చాలా మామూలు. ఫ్లేర్ స్టాక్‌కు వెళ్లే పైపు మీద అల్ట్రాసోనిక్ మీటరు నేరుగా పెట్టాలి. దానికి ముందు పైపు వ్యాసానికి కనీసం పది రెట్ల తిన్నని పొడవు కావాలి, వాల్వ్‌కు వెనకే బిగిస్తే సుడులు పడి రీడింగ్ తప్పుతుంది. పైపు అడుగున నీరు నిలుస్తుంది కాబట్టి సెన్సార్లను కిందా పైనా కాకుండా పక్కల బిగించాలి. అది లేని కర్మాగారం చెప్పే ఫ్లేర్ శాతాన్ని అంచనాగానే తీసుకోవాలి.